పొట్టేలు కొనే ముందు మేత అడగండి: నెల్లూరు, ప్రకాశం వైపు ఏ కాలంలో మాంసం బాగుంటుంది, ఎలా ఎంచుకోవాలి

ఇంట్లో ఫంక్షన్ అనుకోగానే అందరూ మొదట అడిగేది కిలో ఎంత పడుతుందని. తర్వాత బరువెంత అని. ఆ తర్వాత రంగు మీద, జోడిపి అయితే బాగుంటుందా, పల్ల అయితే బాగుంటుందా అని కాసేపు వాదన. ఆ పొట్టేలు గడిచిన రెండు నెలలూ ఏం తిన్నదని మాత్రం ఎవరూ అడగరు. ముక్క మెత్తదనం, కొవ్వు వాసన, కూర రుచి చాలావరకు ఆ మేతను బట్టే ఉంటాయి. మిగిలింది కోసే ముందు రోజు దాన్ని ఎలా ఉంచారన్న దాన్ని బట్టి ఉంటుంది. కాపరి దగ్గర నేరుగా జీవాన్ని కొని ఇంటికో, నలుగురు కలిసి వాటాలకో కోయించుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కొట్టులో కిలో, రెండు కిలోలు తెచ్చుకునేవాళ్ళకి కూడా చివర్లో కొంత ఉంది.

రంగు సంగతి ముందే తేల్చేద్దాం. నెల్లూరు గొర్రె మన దేశంలో అన్నిటికంటే ఎత్తైన గొర్రె జాతి. ఉన్ని ఉండదు, మేకలాగా పొట్టి వెంట్రుకలే. ఒళ్ళంతా తెల్లగా ఉంటే పల్ల, తెల్లటి ఒంటి మీద మూతి దగ్గర, కళ్ళ చుట్టూ నల్లమచ్చలుంటే జోడిపి, ఎర్రగా ఉంటే డోర. మందలో జోడిపికి గిరాకీ ఎక్కువ, చూడటానికీ అందంగా ఉంటుంది. గిన్నెలోకి వచ్చాక మాత్రం ఏది పల్లో ఏది డోరో చెప్పగలిగేవాడు నాకింకా కనపడలేదు. రంగు కోసం అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ముందు నెల చూసుకోండి

పొట్టేలు ఎంపిక గురించి ఫోన్లో కనిపించే సలహాలు ఎక్కువగా నైరుతి వానల ప్రాంతాలకి రాసినవి. మన లెక్క వేరు. నెల్లూరు వైపు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో పడుతుంది. కనిగిరి, పొదిలి, మార్కాపురం మెట్టకి రెండు రుతుపవనాలూ అరకొరగానే అందుతాయి. అందుకే మిగతా చోట్ల పచ్చిక ఎండిపోయే రోజుల్లో ఇక్కడ బీళ్ళు పచ్చగా ఉంటాయి. వాళ్ళకి పచ్చగా ఉండే జూలై, ఆగస్టుల్లో మన జీవాలు చాలాచోట్ల ఇంకా ముళ్ళకంపల చుట్టూనే తిరుగుతుంటాయి.

అక్టోబరు చివర్లో వానలు పట్టగానే పొట్టేళ్ళు నిగనిగలాడతాయి. తొందరపడకండి. లేత పచ్చికలో నీరే ఎక్కువ. పొట్ట నిండుతుంది, తూకంలో కనిపిస్తుంది, కండ మాత్రం ఇంకా పట్టదు. పేడ గట్టిగా గుళికల్లా పడకుండా జావగా పడుతుంటుంది. పైగా వానతోపాటు నట్టలు (కడుపులో పురుగులు) పెరుగుతాయి. చిన్న దోమల వల్ల నీలి నాలుక రోగం వచ్చేది కూడా ఎక్కువగా ఈ రోజుల్లోనే. వానలు పట్టిన మొదటి మూడు, నాలుగు వారాలు వెంటనే కోయడానికి కొనకుండా ఆగడం మంచిది.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన వైపు అసలైన కాలం. గడ్డి ముదిరి కంకి వేస్తుంది, నీరు తగ్గి బలం పెరుగుతుంది. కంది కోతలు అవుతాయి. చేలో రాలిన ఆకు, విరిగిన కాయ జీవాలకి దొరుకుతాయి. శనగ, మినుము పీకిన చేలల్లో కూడా మేత ఉంటుంది. ఎండాకాలమంతా చిక్కిపోయిన జీవం మంచి మేత దొరికితే మామూలు కంటే వేగంగా కండ పడుతుంది. అలా కొత్తగా పట్టిన కండ మెత్తగా ఉంటుంది. కొవ్వు కూడా కొంచెం చేరుతుంది. మటన్ రుచిలో సగం ఆ కొవ్వులోనే ఉంది.

చిక్కల్లా ధరతోనే. సంక్రాంతి దగ్గరపడే కొద్దీ రేటు ఎక్కుతుంది. కనుమ ముందు వారం సంతకి వెళితే మీరు ఎంచుకునేదేమీ ఉండదు, మిగిలింది తోలుకురావడమే. కార్తీకంలో చాలామంది నీచు మానేస్తారు కాబట్టి అప్పుడు బేరం కుదురుతుంది. ఆ నెలలోనే కాపరి దగ్గరికి వెళ్ళి పొట్టేలు చూసుకుని, చెవికి గుర్తు పెట్టించి, అడ్వాన్స్ ఇచ్చి మందలోనే వదిలేయండి. మేత ఖర్చుకి ఎంతో కొంత ఒప్పుకోండి. కనుమకి అదే జీవం వేరేగా కనిపిస్తుంది. చస్తే ఎవరి నష్టం అన్నది మాత్రం ఆ రోజే మాట్లాడుకోవాలి. ఇది తేల్చుకోకుండా గొడవలు పడ్డ ఊళ్ళు చాలా ఉన్నాయి.

మార్చి, ఏప్రిల్‌లో పెన్నా కింద వరి కోతలు అవుతాయి. మెట్ట నుంచి మందలు దిగువకి వస్తాయి. రైతులు ఎరువు కోసం పొలంలో మంద కట్టించుకుంటారు, జీవాలు కోసిన చేలో రాలిన గింజ, కొయ్యల మధ్య మొలిచిన పిలకలు తింటాయి. గింజ తిన్న పొట్టేలు కొవ్వుకి వాసన తక్కువగా ఉంటుంది. మందలో ఉన్న జీవాన్ని కొనడానికి, నన్నడిగితే, సంక్రాంతి కంటే ఇదే మంచి సమయం: మాంసం దాదాపు అంతే బాగుంటుంది, ధర మీద పండగ ఒత్తిడి ఉండదు. ఆ చేలో ఈమధ్య పురుగుమందు ఏమైనా కొట్టారా అని మాత్రం అడగండి.

మే నెల, రోహిణి కార్తె, తొలకరి ముందు రోజులు: వీలైతే కొనకండి. ఎండకి జీవం మేత తగ్గిస్తుంది, దొరికే మేత కూడా ఎండుపుల్లే. ముందు కొవ్వు కరిగిపోతుంది, తర్వాత కండ తగ్గుతుంది. మాంసం సన్నగా, నారగా, ముదురు రంగులో ఉంటుంది. అయినా ఈ కాలానికి ఒక మినహాయింపు ఉంది. నల్లతుమ్మ, సర్కారు తుమ్మ కాయలు రాలే రోజులు ఇవే. సర్కారు తుమ్మకాయ తియ్యగా ఉంటుంది, గొర్రెలు ఇష్టంగా తింటాయి. చెరువుకట్టల మీద, వాగుల వెంట తుమ్మల కింద మేపే కాపరి మందకీ, ఎర్రమట్టి దిబ్బల మీద తిప్పే మందకీ అదే మే నెలలో తేడా కళ్ళకి కనిపిస్తుంది. ఎండాకాలంలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు అలాంటి మందను వెతుక్కోవాలి. లేదంటే దాణా పెట్టి కొట్టంలో పెంచిన పొట్టేలు కొనాలి, అదీ కుదరకపోతే కోడి కూరతో సర్దుకోవాలి.

జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా మిశ్రమం. తొలకరి గడ్డి మొలిచాక మందలో చాలా గొర్రెలు ఎదకు వస్తాయి. విత్తు పొట్టేలు మేత వదిలేసి వాటి వెంట తిరుగుతుంది, ఒకదానితో ఒకటి పొడుచుకుంటాయి, చిక్కిపోతాయి, వాసన ఎక్కువవుతుంది. చిటుకు రోగం (ఉన్నట్టుండి చంపేసే పేగు జబ్బు) భయం కూడా ఈ రోజుల్లోనే. కానీ క్రితం చలికాలంలో పుట్టిన పిల్లలు ఆగస్టు, సెప్టెంబరుకి ఎనిమిది, పది నెలల వయసుకి వస్తాయి. నెల్లూరు వైపు ఎడగారు (ఎండాకాలంలో వేసే పంట) వరి కోసిన చేల మీద మేసిన అలాంటి పిల్ల దొరికితే దసరాకి అంతకంటే మంచిది లేదు.

ఎద కాలపు మాంసం సంగతి గొర్రెలకంటే జింకల్లో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. యూరప్‌లో ఎర్రజింక పోతు శరదృతువులో జత కోసం కొట్లాడుతూ దాదాపు తిండి మానేస్తుంది, ఒంటి బరువులో ఐదో వంతు దాకా పోగొట్టుకుంటుంది. ఆ వారాల్లో దాని మాంసం వాసనకి చట్టప్రకారం వేటాడే దేశాల్లో కూడా చాలామంది దాన్ని వదిలేస్తారు. మన దగ్గర ఆ ఎంపికే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దుప్పి అయినా, మన రాష్ట్ర జంతువైన కృష్ణజింక అయినా వేటాడటం, అమ్మడం, కొనడం, ఇంట్లో మాంసం ఉంచుకోవడం అన్నీ నేరాలే. కృష్ణజింక మొదటి షెడ్యూల్‌లో ఉంది, మూడేళ్ళకి తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు. పెంచలకోన కొండల దిగువనో, నల్లమల అంచునో ఎవరైనా చాటుగా 'అడవి మాంసం' అంటే అక్కడి నుంచి వచ్చేయండి. ఏ జంతువుదో, ఎప్పుడు చచ్చిందో, ఏ రోగంతో ఉందో మీకు తెలిసే దారి లేదు.

కాపరితో మాట్లాడండి

ఇక్కడ హడావుడి పనికిరాదు. టీ తాగుతూ అడగాల్సినవి: 'నెల రోజులుగా ఎక్కడ మేపుతున్నావన్నా? చెరువు లోపల మేపావా? నట్టల మందు ఎప్పుడు పట్టించావు? ఈమధ్య సూది వేయించావా?'

చెరువు అంచుల్లో, నీళ్ళు నిలిచే చోట మేసిన జీవాలకి కార్జపు జలగ పట్టే అవకాశం ఎక్కువ, అది నత్తల ద్వారా వస్తుంది. మందు, సూదుల విషయంలో మొహమాటం వద్దు. ఏ మందుకి ఎన్ని రోజులు మాంసం తినకూడదో సీసా మీద, డబ్బా మీద రాసి ఉంటుంది. ఆ డబ్బా లేకపోతే పశువైద్యుడిని అడగండి. ఆ గడువు పూర్తి కాని జీవం ఎంత బాగున్నా వద్దు. నిజం చెప్పే కాపరి దొరికితే ఏటా ఆయన దగ్గరే కొనండి, కిలోకి పది రూపాయలు ఎక్కువైనా సరే.

నోరు తెరిచి చూడండి

కింది దవడ ముందు పళ్ళు చూస్తే వయసు తెలుస్తుంది. అన్నీ చిన్న పాలపళ్ళే ఉంటే ఏడాది లోపు. మధ్యలో రెండు పెద్ద పళ్ళు వచ్చి ఉంటే సుమారు ఏడాది నుంచి ఏడాదిన్నర. నాలుగు ఉంటే రెండేళ్ళ దగ్గర. ఎనిమిదీ వచ్చేశాయంటే మూడున్నర, నాలుగేళ్ళు. వేపుడుకి, బిర్యానీకి పాలపళ్ళది గానీ రెండు పళ్ళది గానీ తీసుకోండి. పులుసుకి, ఎక్కువమందికి వండే కూరకి నాలుగు పళ్ళది కూడా సరిపోతుంది, రసం చిక్కగా వస్తుంది. వయసు ముదిరిన దాన్ని ఏ కాలం బాగుచేయలేదు.

విత్తులు కొట్టిన పొట్టేలికి వాసన తక్కువ, కొవ్వు ఎక్కువ. కొట్టనిది ఏడాది లోపుదైతే తేడా పెద్దగా తెలియదు. తొలకరి రోజుల్లో మాత్రం మందలో తిరిగే పెద్ద విత్తు పొట్టేలు ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకండి. ఆ వాసన కొవ్వులో ఉంటుంది, అల్లం వెల్లుల్లి ఎంత వేసినా పోదు. ఆడ గొర్రె చవకగా వస్తుందని తీసుకునేవాళ్ళున్నారు. చూలుతో ఉన్నదాన్ని, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని, మూడు నెలలు నిండని పిల్లని కోయకూడదని 2001 నాటి వధశాల నియమాలు చెబుతున్నాయి. నియమం లేకపోయినా అది చేయదగ్గ పని కాదు.

చేత్తో పట్టుకుని చూడండి

కంటితో అంచనా వేయకండి, పొట్ట మోసం చేస్తుంది. పొట్టలో ఉన్న మేత, నీళ్ళే ఒంటి బరువులో పదోవంతుకి పైగా ఉండొచ్చు. అమ్మే రోజు ఉప్పు కలిపిన తవుడు పెట్టి నీళ్ళు పట్టించే మహానుభావులూ ఉన్నారు. చివరి పక్కటెముక దాటాక నడుము మీద అరచెయ్యి పెట్టండి. వెన్నెముక ముళ్ళు రంపంలా గుచ్చుకుంటే కండ లేదు. నొక్కితే గానీ ఎముక తగలకుండా, పక్కన కండ నిండుగా ఉంటే సరైనది. ఎంత నొక్కినా ఎముక దొరకట్లేదంటే దాణా ఎక్కువై కొవ్వు పట్టిందని అర్థం, దానికి కూడా మాంసం ధరే కడతారు.

తర్వాత కింది కనురెప్ప లాగి చూడండి. లోపల ఎర్రగా, గులాబీగా ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే నట్టలు రక్తం తాగేస్తున్నట్టు, వానల తర్వాత ఇది తప్పనిసరిగా చూడాల్సిన గుర్తు. దవడ కింద నీరు పట్టి సంచిలా వేలాడుతున్నా అంతే. కళ్ళు పసుపు పచ్చగా ఉంటే వదిలేయండి. ముక్కు కారడం, దగ్గు, కుంటు, మూతి దగ్గర పుండ్లు ఉన్నదాన్ని కొనొద్దు.

ముప్పై కిలోల పొట్టేలు కోస్తే ఎముకతో కలిపి సుమారు పద్నాలుగు కిలోలు వస్తుంది. మే నెలలో ఇంకా తగ్గుతుంది. వాటాలు ఆ లెక్కన వేసుకోండి, ఇరవై కిలోలు వస్తుందని నలుగురికి మాటిచ్చి ఇబ్బంది పడకండి.

కోసే ముందు రోజు

మంచి నెలలో, మంచి మేత మీద పెరిగిన పొట్టేలిని ఒక్క రోజులో పాడుచేయొచ్చు. చాలామంది చేసేది అదే. కాళ్ళు కట్టి బైక్ మీద అడ్డంగా వేసుకుని ముప్పై కిలోమీటర్లు తెస్తారు, వీధిలో కట్టేస్తారు, పిల్లలు చుట్టూ చేరతారు, కుక్కలు మొరుగుతాయి, గంటలో కోసేస్తారు.

కండలో కొంత చక్కెర నిల్వ ఉంటుంది. కోసిన తర్వాత అది పులిసి ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం వల్లే మాంసం మంచి రంగుకి వస్తుంది, తొందరగా చెడిపోకుండా ఉంటుంది, మెత్తబడుతుంది. భయపడి, గింజుకుని, పరిగెత్తి, ఆకలితో అలసిన జీవంలో ఆ నిల్వ ముందే ఖర్చయిపోతుంది. అప్పుడు మాంసం నల్లగా, జిగటగా, గట్టిగా ఉంటుంది, సాయంత్రానికే వాసన పట్టుకుంటుంది. మే నెలలో అసలే నిల్వ తక్కువ కాబట్టి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

అందుకే ముందు రోజు పొద్దునో, మధ్యాహ్నానికో ఆటోలో నిలబెట్టి తీసుకురండి. వేసవి అయితే ఎండ ఎక్కక ముందే. వీలైతే తోడుగా ఇంకో జీవం ఉండనివ్వండి, గొర్రె ఒంటరిగా ఉంటే బెదురుతుంది. వెంట్రుక పట్టి లాగకండి, ఒడిసి పట్టిన చోటల్లా తోలు కింద రక్తం కమిలిపోతుంది. నీడలో, చప్పుడు లేని చోట కట్టేయండి. రాత్రి నుంచి మేత ఆపండి, నీళ్ళు మాత్రం ఎంత తాగితే అంత పెట్టండి. పొట్ట ఖాళీగా ఉంటే పేగు తెగి మాంసం పాడయ్యే ప్రమాదం తగ్గుతుంది, నీళ్ళు తాగి ఉంటే రక్తం బాగా కారుతుంది, తోలు తేలిగ్గా ఊడుతుంది.

కోసిన తర్వాత

పని తెలిసినవాడి చేత, వీలుంటే మున్సిపల్ వధశాలలో, తెల్లవారకముందే చేయించండి. ఈగలు లేవక ముందు అయిపోవాలి. పొట్ట, పేగులు తీసిన చోట మాంసం కొట్టకూడదు, కత్తి కడగాలి.

లోపలి భాగాలు చూడటం మీ పని. కార్జం నున్నగా, ఒకే రంగులో ఉండాలి. కోస్తే ఆకుల్లాంటి పురుగులు కనిపిస్తే కార్జం పారేయాలి. కార్జం మీద, ఊపిరితిత్తుల మీద నీటి బుడగలుంటే వాటిని కుక్కలకి వేయొద్దు, లోతుగా పాతిపెట్టండి. కుక్కలు తింటే వాటి పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది, అక్కడి నుంచి మనుషులకి వస్తుంది. మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు తెల్లగా, గట్టిగా ఉంటే మేత బాగా తిన్న జీవం. అదే కొవ్వు తడిగా, జిగురులా వణుకుతుంటే ఆకలితో కరిగిపోయినదని అర్థం. ఆవు కొవ్వు పచ్చిక తింటే పసుపుగా మారుతుంది, గొర్రె కొవ్వు అలా మారదు. గొర్రెలో కొవ్వు బాగా పచ్చగా ఉండి కళ్ళు కూడా పచ్చబడి ఉంటే కామెర్లని అనుమానించి పశువైద్యుడికి చూపించాకే ముందుకెళ్ళండి.

ఇక ఎక్కువమంది పట్టించుకోని విషయం. కోసిన గంట, రెండు గంటల్లో వండితే ముక్క మెత్తగా ఉంటుంది. ఆ తర్వాత కండ బిగుసుకుంటుంది, అప్పుడు వండితే ఎన్ని విజిల్స్ వచ్చినా రబ్బరులా సాగుతుంది. ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచితే మళ్ళీ సడలుతుంది. కాబట్టి వండితే వెంటనే వండండి, లేదంటే మర్నాడు. తెల్లవారుజామున కోసి మధ్యాహ్నం పన్నెండుకి పొయ్యి మీద పెట్టడమే అన్నిటికంటే తప్పు సమయం, మన ఫంక్షన్లలో జరిగేది కూడా ఎక్కువగా అదే.

వేడి తగ్గని మాంసాన్ని నేరుగా డీప్ ఫ్రీజర్‌లో పెట్టకండి. బిగుసుకోక ముందే గడ్డకడితే, కరిగించినప్పుడు కండ ముడుచుకుని నీరంతా వదిలేస్తుంది. చలికాలం పొద్దున అయితే తొడ, భుజం ఎముకతోనే పెద్ద ముక్కలుగా నీడలో, గాలి తగిలేలా ఒకటి, రెండు గంటలు వేలాడదీసి తర్వాత ఫ్రిజ్‌లోకి మార్చండి. మే నెలలో అంతసేపు బయట ఉంచకూడదు. ఒంటి వేడి తగ్గగానే, గంటలోపే ఫ్రిజ్ కింది అరలో ఒకదాని మీద ఒకటి పడకుండా సర్దండి. ఫ్రీజర్‌లోకి మర్నాడే.

కొట్టులో కొనేవాళ్ళకి

వేలాడుతున్న తొడ చూడండి. కండ ఎర్రగా, పైన పలచగా తెల్లటి గట్టి కొవ్వుతో ఉంటే తీసుకోండి. నల్లగా, వేలికి జిగటగా తగిలితే ఆ రోజుకి చేపలు కొనుక్కోండి. 'ఏ ఊరి మంద?' అని అడగడం అలవాటు చేసుకోండి, కొట్టువాడు కూడా రెండోసారి నుంచి జాగ్రత్తగా ఇస్తాడు. ఆదివారం తొమ్మిది తర్వాత వెళ్ళి మంచి ముక్క కావాలంటే కష్టం.

కాలాన్ని బట్టి వండడం

చలికాలపు మాంసానికి పెద్ద హంగు అక్కర్లేదు. ఉప్పు, కారం, అల్లం, ధనియాలు చాలు, కొవ్వు తనే రుచి ఇస్తుంది. గొర్రె కొవ్వు తొందరగా పేరుకుంటుంది కాబట్టి వేడిగానే వడ్డించండి.

ఎండాకాలంలో కొనక తప్పకపోతే వేపుడు ఆలోచన మానేయండి. మెడ, ముందు కాళ్ళు, పక్కటెముకలు తీసుకుని సన్నటి మంట మీద ఎక్కువసేపు ఉడికించండి. నూనె ఒక గరిటె ఎక్కువ వేయండి. నారగా ఉన్న ముక్కకి పులుపు సాయం చేస్తుంది, అదృష్టం కొద్దీ చింతచిగురు వచ్చేది కూడా ఆ రోజుల్లోనే. ముక్క ముప్పావు వంతు ఉడికాక నలిపిన చింతచిగురు వేసి, మూతపెట్టి మరో పావుగంట మగ్గనివ్వండి. పచ్చి బొప్పాయి ముక్క నూరి పట్టించే అలవాటుంటే అరగంట చాలు. రాత్రంతా ఉంచితే పైన పిండిలా అయిపోయి, లోపల మాత్రం అలాగే గట్టిగా ఉంటుంది.